పికప్ కింద అరగంట: ప్రొపెల్లర్ షాఫ్టు విరగకుండా చూసుకోవడం ఎలా?

మదనపల్లెలో టమోటా క్రేట్లు ఎక్కించుకున్న పికప్ పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాటు మీదుగా తెల్లారేసరికి చెన్నై చేరాలి. పోయేటప్పుడు లోడుతో పరుగు, తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా ఇంకా పెద్ద పరుగు. నా బండి షాఫ్టు ఊడింది ఆ ఖాళీ పరుగులోనే. చిత్తూరు దాటాక, బంగారుపాళెం ఇంకా రాకముందే, సీటు కింద సమ్మెటతో బాదినట్టు మోత మొదలైంది. ఆపి చూస్తే షాఫ్టు ముందు కొస రోడ్డు మీద ఉంది. బ్రేకు పైపుకు సొట్ట పడింది. ఇంకో వేలెడు పక్కకు తగిలి ఉంటే బ్రేకులు కూడా పోయేవి.

బరువు లేని బండికి షాఫ్టు ఎందుకు పోయిందో ఆ రాత్రి అర్థం కాలేదు. తర్వాత విప్పి చూశాక తెలిసింది. దెబ్బ తిన్నది లోడు మీద, విరిగింది వేగంలో. మధ్యలో కొన్ని వారాల పాటు అది చెబుతూనే ఉంది, నేనే వినలేదు. కొత్తగా పికప్ తీసుకున్నవాళ్ళకు ఆ అవస్థ రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు దాని పని తెలుసుకోండి

గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్‌కు తిరుగుడును మోసుకెళ్ళే ఉక్కు గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. దాని కొసల్లో, వంపులో కూడా తిరగనిచ్చే క్రాసులు ఉంటాయి. ఒక్కో క్రాసుకు నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లాంటి సన్నని బేరింగులు. మామూలు పికప్ టైరుకు, హౌసింగ్ నిష్పత్తి 4 చిల్లర అనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు నిమిషానికి దాదాపు 2,400 సార్లు తిరుగుతుంది. 100 దగ్గర 3,000 దాటుతుంది.

ఆ తిరుగుడులో చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ళ బరువు 9 గ్రాములు. అంత బరువు తేడా షాఫ్టు మీద ఒక పక్కన ఉందనుకోండి. 3,000 తిరుగుళ్ళ దగ్గర అది దాదాపు మూడున్నర కిలోల బలంతో, సెకనుకు 50 సార్లు, షాఫ్టును పక్కకు లాగుతుంది. వేగం 80 నుంచి 100కు పెరిగితే ఈ లాగుడు ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది. సరుకు బళ్ళకు నాలుగు వరుసల హైవేల మీద పెట్టిన 80 పరిమితి పోలీసుల కోసం కాదు, మీ బండి కోసమే అనుకోండి.

బండి కిందకు దూరే ముందు

చదునైన నేల చూసుకోండి. ఇంజిన్ ఆపి, సైలెన్సర్ చల్లారనివ్వండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు రెండు పక్కలా గట్టి చెక్క మొద్దులు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని ఎప్పుడూ కింద పడుకోవద్దు.

మొదట నీళ్ళతో కడగండి. పొలం గట్టున లోడు ఎత్తుకున్న బండికి షాఫ్టు మీద ఒక పక్కే బురద ఎండి అంటుకుంటుంది. అదరడానికి ఒక్కోసారి అదే కారణం, మెకానిక్ దాకా పోనక్కర్లేదు. కడిగాక గొట్టం పొడవునా చేత్తో తడమండి. రాయి తగిలి సొట్ట పడిందా? బ్యాలెన్సు కోసం కంపెనీలో అతికించిన చిన్న ఉక్కు ముక్క ఊడిపోయి, దాని అచ్చు మాత్రమే మిగిలిందా? ఈ రెంటిలో ఏది కనిపించినా షాఫ్టును విప్పించి, బ్యాలెన్సింగ్ మెషిన్ ఉన్న చోటికి పంపాలి.

తర్వాత గేరు న్యూట్రల్ చేసి, క్రాసుకు ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా మెలిపెట్టండి. పైకీ కిందకీ కూడా ఆడించండి. క్రాసులో ఏమాత్రం లూజు తెలిసినా మార్చేయాల్సిందే, ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకోవద్దు. కప్పు అంచున ఎర్రటి పొడి, కుంకుమ రాలినట్టు కనిపిస్తే లోపల గ్రీజు ఎండి సూదులు తుప్పు పట్టాయని అర్థం. నా బండికి ఆ పొడి కనిపించింది. దుమ్మేలే అని తుడిచేశాను.

గ్రీజు కొట్టడంలోనే ఉంది అసలు సంగతి

చాలామంది క్రాసు మీదున్న గ్రీజు నిప్పిల్‌కు గన్ పెట్టి నాలుగు నొక్కులు నొక్కి లేచిపోతారు. అలా కాదు. ముందు నిప్పిల్ మీద మట్టి గుడ్డతో తుడవండి, లేకపోతే ఆ మట్టే లోపలికి పోతుంది. తర్వాత నెమ్మదిగా నొక్కుతూ నాలుగు కప్పుల అంచులూ చూస్తూ ఉండండి. మొదట నల్లటి పాత గ్రీజు, దాని వెనక కొత్త రంగు గ్రీజు రావాలి. నాలుగింటి నుంచీ రావాలి. మూడు కప్పుల్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే, ఆ కప్పుకు గ్రీజు అందడం లేదన్నమాట. ముందుగా పోయేది అదే. బండిని కాస్త ముందుకు జరిపి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే క్రాసు మార్చండి.

ఎన్ని కిలోమీటర్లకు కొట్టాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్ని పాటించండి. వాగు నీళ్ళలో దిగి వస్తే ఆ లెక్క చూడకుండా ఆ వారంలోనే కొట్టించండి. షాఫ్టు పొడవు సర్దుకునేలా జారే పళ్ళ జాయింటు, అంటే స్ప్లైన్ దగ్గర నిప్పిల్ ఉంటే దాన్నీ మరవద్దు. నిప్పిల్ లేని సీలు క్రాసులైతే గ్రీజు పని ఉండదు, లూజు చూసుకోవడమే.

రబ్బరు, బోల్టులు

పొడవు రెట్టింపైతే షాఫ్టు తట్టుకోగల వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే చాలా పికప్‌లలో దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెడతారు. ఆ బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు చీలితే షాఫ్టు మధ్యలో ఊగులాడుతుంది. టార్చి వేసి చూస్తే చాలు. షాఫ్టును లేత్ షాపులో కోసి, పొడవు పెంచి, బ్యాలెన్సు చేయకుండా వాడటం మాత్రం ప్రాణాలతో ఆట.

షాఫ్టు కొసల్ని పట్టి ఉంచే ఫ్లాంజి బోల్టులు బిగించాక బోల్టు మీదుగా ఫ్లాంజి దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత విడిపోతే బోల్టు వదులైనట్టు. బోల్టు పోతే దొరికినది వేయకండి, తల మీద అదే గ్రేడు అంకె ఉన్నదే వేయాలి.

అదనపు కమాన్ పట్టీలు

ఇది చెబితే మా మార్కెట్లో చాలామందికి కోపం వస్తుంది. లోడు ఎక్కువ వేయొచ్చని కమాన్ కట్టలో రెండు పట్టీలు అదనంగా ఎక్కిస్తారు. లోడు మీద అంతా బాగానే ఉంటుంది. ఖాళీ అయ్యాక వెనక భాగం పైకి లేచి షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. క్రాసు వంపులో తిరిగేటప్పుడు, ప్రతి చుట్టుకూ షాఫ్టు రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. వంపు రెట్టింపైతే ఆ కుదుపు దాదాపు నాలుగు రెట్లు. అదే సమయానికి మనం ఖాళీ బండే కదా అని వంద మీద పోతుంటాం. ఎక్కువ లోడుతో, మొదటి గేరులో క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు దెబ్బ తిన్న సూదులు, ఈ కుదుపులో పొడైపోతాయి. పట్టీలు తీసేయించి, ఆర్సీలో రాసిన పాసింగ్ బరువే వేయండి.

క్రాసు మార్చేటప్పుడు

షాఫ్టు విప్పే ముందు, జారే భాగం మీదా గొట్టం మీదా ఎదురెదురుగా పంచితో గుర్తు కొట్టమని మెకానిక్‌కు చెప్పండి. ఫ్లాంజిలకూ అలాగే. తిరిగి ఎక్కించేటప్పుడు స్ప్లైన్ ఒక్క పన్ను తప్పినా, కొత్త క్రాసులతో కూడా బండి అదురుతుంది. పక్కన నిలబడి ఆ గుర్తులు కలిశాయో లేదో మీ కళ్ళతో చూడండి.

రోడ్డు మీద వినండి

బండి కదిలేటప్పుడు కిచకిచ, రివర్సు నుంచి మొదటి గేరుకు మారినప్పుడు టక్కుమని చప్పుడు, ఒక వేగం దాటగానే సీటు కింద అదురు: షాఫ్టు ముందే చెప్పే గుర్తులు ఇవే. అదురు ఎక్కడిదో తేల్చడానికి అదే వేగంలో నాలుగో గేరులో ఒకసారి, ఐదో గేరులో ఒకసారి నడిపి చూడండి. రెంటిలోనూ ఒకేలా ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు, షాఫ్టువైపో చక్రాలవైపో వెతకాలి.

పెద్ద మోతే మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, మెల్లగా ఎడమ పక్కకు తీయండి. ఆపాక గేరులో వేశాం కదా అని దిగిపోవద్దు. షాఫ్టు తెగిన బండిని గేరు ఆపలేదు, ఘాటు మీద అయితే వెనక్కి జారిపోతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి, పక్కనున్న మనిషిని ముందు దింపి, చక్రాల కింద మొద్దులు పెట్టించి, ఆ తర్వాతే మీరు దిగండి.