పేజ్‌ను గంజి అనవచ్చునా?

ఇంద్రావతీ తీరాన గల జగదల్‌పూర్‌లో వేసవి వచ్చిందంటే ‘మండియా పేజ్’ గిరాకీ హెచ్చుతుంది. మండియా అనగా రాగులు. ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు అనేది ఈ ధాన్యాన్నే. హిందీ నుండి అనువదించేటప్పుడు పేజ్‌ను ‘గంజి’ అని వ్రాసి ముందుకు సాగిపోవడం సులభం. అది సరికాదని నా అభిప్రాయం.

అన్నం వార్చగా వచ్చేది గంజి. పేజ్ తయారీ వేరు. రాగిపిండిని రాత్రి నీటిలో కలిపి ఉంచితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. ఎసటిలో గుప్పెడు బియ్యం ఉడుకుతుండగా ఆ పిండినీటిని పోసి, ఉండ కట్టకుండా కలియబెట్టి కాస్తారు. చల్లారిన పేజ్‌ను ‘తుంబా’ అనే ఎండు సొరకాయ బుర్రలో పోసుకొని పొలానికో అడవికో వెళతారు. ఆకుదొన్నెలో త్రాగుతారు. ఆకలీ దాహమూ ఒక్కసారే తీరుతాయి. ఇది మన అంబలికి తోబుట్టువు. చరక సంహిత సూత్రస్థానం రెండవ అధ్యాయంలో 28 రకాల యవాగువులు, అంటే జావలు, చెప్పబడ్డాయి. జావ రోగికి పథ్యమైనప్పుడు శాస్త్రమైంది, కూలివాని భోజనమైనప్పుడు మాత్రం లోకువైంది!

పేజ్‌లో వార్చి పారబోసేది ఏమీ లేదు. ఇది చిన్న విషయం కాదు. బాగా దంచిన తెల్లబియ్యంలో థయమిన్ స్వల్పం. గంజి పారబోస్తే ఆ కాస్తా పోతుంది. ఈ లోపం వలన వచ్చే బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలను పీడించింది. మాల్కంసన్ అనే వైద్యుడు దీనిపై 1835లో మద్రాసులో ఒక గ్రంథమే ప్రచురించాడు. జపాను నౌక ‘ర్యూజో’ 1882-83 యాత్రలో 376 మంది నావికులలో 169 మందికి ఈ వ్యాధి సోకి, 25 మంది మరణించారు. మరుసటి యాత్రకు వైద్యుడు తకాకి ఆహారాన్ని మార్పించి మాంసం, పాలు, బార్లీ వంటివి చేర్పించగా, బెరిబెరి మరణం ఒక్కటీ సంభవించలేదు. మాంసకృత్తుల లోపమే కారణమన్న ఆయన ఊహ తప్పు. మార్పు మాత్రం ఫలించింది. అదే కాలానికి బ్రిటిష్ నావికుల పాత్రలో ‘బర్గూ’ అనే ఓట్ల జావ ఎప్పటి నుండో ఉన్నది.

100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో ఉండేది దాదాపు 10 మాత్రమే.

మరి ‘గంజి’ అన్న మాటకు మన భాషలో వేరొక నీడ ఉన్నది. గంజికి గతిలేనివాడు అంటాము. 1952 కరవులో రాయలసీమలో గంజి కేంద్రాలు వెలిశాయి. తన పొలంలో పండిన మండియాను కాచుకొని త్రాగే బస్తర్ రైతుపై ఆ నీడ పడనీయరాదు. పాఠంలో ‘పేజ్’ అన్న మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘రాగి అంబలి వంటిది’ అని వివరిస్తే చాలు.