రెండున్నర క్వింటాళ్ల లెక్క: జావా విద్యార్థికి యూనిట్ టెస్టు

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో, కర్నూలు ఐఐఐటీడీఎం 2015లో మొదలైన తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకునే యువతకు కర్నూలు, కడప ప్రాంతంలోనే చదువుకునే అవకాశాలు పెరిగాయి. అయితే ల్యాబ్‌లో తెరమీద జవాబు కనిపించగానే ప్రోగ్రామ్ పూర్తయిందనుకునే అలవాటు ఎక్కడ చదివిన విద్యార్థికైనా ఇంటర్వ్యూలో అడ్డు తగులుతుంది.

ఒక క్లాసులోని మెథడ్‌కు తెలిసిన విలువలు ఇచ్చి, రావలసిన ఫలితమే వచ్చిందో లేదో కంప్యూటర్ చేతనే సరిచూపించే చిన్న ప్రోగ్రామును యూనిట్ టెస్టు అంటారు. జావాలో ఇందుకు విరివిగా వాడే సాధనం జేయూనిట్. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళ్తూ దీనికి తొలి రూపమిచ్చారు.

కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లికి బిల్లు కట్టే ఒక క్లాసును ఊహిస్తే, అందులోని మెథడ్ కిలోల సంఖ్యను, క్వింటా ధరను పూర్ణాంకాలుగా తీసుకొని, కిలోలను నూరుతో భాగించి, వచ్చినదాన్ని ధరతో గుణిస్తుంది. ధర 1,200 రూపాయలనుకొని 200 కిలోలకు టెస్టు రాస్తే 2,400 వస్తుంది, టెస్టు నెగ్గుతుంది. అదే 250 కిలోలకు 3,000 రావలసి ఉండగా మళ్లీ 2,400 రూపాయలే వస్తుంది. జావాలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం రాలిపోతుంది కనుక, రైతుకు అర క్వింటా డబ్బు దక్కకుండా పోతుంది. నిండు క్వింటాళ్లతో మాత్రమే పరీక్షించిన విద్యార్థికి ఈ దోషం ఎన్నటికీ కనిపించదు. టెస్టు విలువల ఎంపికలోనే అసలు నైపుణ్యమంతా ఉంది.

ముందు గుణించి తర్వాత భాగిస్తే ఈ దోషం తీరుతుంది, పాత టెస్టులన్నీ తిరిగి నడిపితే మరొకటి చెడలేదని తెలుస్తుంది. అయినా 33 కిలోలకు 1,250 ధరతో రావలసిన 412 రూపాయల 50 పైసల్లో పైసలు పోతాయి. వాటిని లెక్కించాలా, సవరించాలా అన్నది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చగలిగినది కాదు, యార్డు నిబంధన అడిగి తెలుసుకోవలసినది. అటువంటి ప్రశ్నను ముందే బయటపెట్టడం టెస్టు చేసే గొప్ప మేలు. సున్నా కిలోలకు సున్నా రావాలి, రుణ సంఖ్య ఇస్తే మెథడ్ ఎక్సెప్షన్ విసరాలి. ఎక్సెప్షన్‌ను సరిచూడటానికి అసర్ట్‌త్రోస్, విలువలు సమానమో కాదో చూడటానికి అసర్ట్‌ఈక్వల్స్ ఉన్నాయి. రెండో దానిలో రావలసిన విలువను ముందు, వచ్చిన విలువను తర్వాత రాయాలి, తారుమారైతే టెస్టు ఓడినప్పుడు వచ్చే సందేశం తప్పుదారి పట్టిస్తుంది.

క్యాంపస్ ఎంపికలకు సిద్ధమయ్యే అభ్యర్థి కొత్త ప్రాజెక్టు వెతుక్కోనవసరం లేదు. పాత మినీ ప్రాజెక్టులో లెక్కలు చేసే ఒక క్లాసును తీసుకొని, ప్రతి మెథడ్‌కు మామూలు విలువతో ఒకటి, హద్దు దగ్గర ఒకటి, చెల్లని విలువతో ఒకటి చొప్పున టెస్టులు రాసి, కోడ్‌తో పాటే గిట్‌హబ్‌లో ఉంచితే, ఇంటర్వ్యూ చేసేవారు దేన్ని గురించి అడిగినా తెరిచి చూపించవచ్చు.