వరద సహాయము – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

2021 నవంబరు వర్షములకు స్వర్ణముఖి పొంగి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పెక్కు కుటుంబములు నిలువనీడ కోల్పోయినవి. ఆ పాఠమును పుత్తూరు ప్రాంత సభ్యులు మరువరాదు.

నగదు సహాయము నష్టగణన పట్టికను బట్టియే అందును. 2022–26 సంవత్సరముల కేంద్ర నిబంధనలలో, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, పాక్షికముగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు నిర్ణయింపబడినవి. పట్టికలో ఒక్క మాట మారినచో పేదవాని ఇల్లు మరల లేవదు.

కావున గణనకు వచ్చు ఉద్యోగుల వెంట సభ్యులు ఇల్లిల్లు తిరుగవలెను. శిథిలములు తొలగించుటకు ముందే ఫోటోలు తీయించవలెను. వితంతువులు, వృద్ధులు, శిబిరమునకో కూలికో పోయినవారు తప్పిపోకుండ చూడవలెను. బాడుగ ఇండ్లవారి బట్టలు, పాత్రల నష్టమును వేరుగా వ్రాయించవలెను. పాసుపుస్తకము నీటిపాలైనవారిని బ్యాంకునకు తోడ్కొనిపోవలెను. జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివించి, అభ్యంతరములను తహసీల్దారునకు పంపవలెను.

నోరులేనివారి పేరు పట్టికకెక్కించుటయే సభ్యుని మొదటి విధి.