రెండు వాకిళ్ల కాపరి

కోటగోడ ఎంత ఎత్తైనదైనా, ద్వారం వద్ద కాపలా లేకపోతే ఆ ఎత్తు నిష్ప్రయోజనం. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను చూసినవారికి ఈ సత్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. నేటి కార్యాలయాలకు సమాచారమే సంపద. దానికీ ద్వారాలున్నాయి, ద్వారపాలకులూ కావాలి.

రాష్ట్ర, జిల్లా, మండల కార్యాలయాలను ఒకే అంతరంగిక జాలంతో కలిపే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లో ఆమోదించింది. అంతర్జాలం రాజమార్గం వంటిది, ఎవరైనా నడువవచ్చు. అంతరంగిక జాలం ఇంటి లోపలి నడవ వంటిది. ఎల్లారెడ్డి రైతు తన దరఖాస్తు ఏమైందో ఇంటి నుండే తెలుసుకోవాలంటే, కామారెడ్డిలోని వివరాలను బయటికి అందించే సర్వర్ ఒకటి ఉండాలి. అది రెండు జాలాలకూ అనుసంధానమై ఉంటుంది. సౌకర్యమూ అక్కడే, ప్రమాదమూ అక్కడే.

అటువంటి సర్వర్ కాపరిగా ఉండాలే గాని దారిగా మారరాదు. ఒకవైపు నుండి వచ్చిన సమాచారాన్ని తనంతట తాను రెండవవైపునకు పంపే ఏర్పాటును నిలిపివేయాలి. ఫైర్‌వాల్ అన్నింటినీ నిరాకరించి, అవసరమైన వాటినే అనుమతించాలి. నిర్వహణకు ఉద్దేశించిన ద్వారం అంతర్జాలం వైపు తెరచుకోకూడదు. సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను ఎప్పటికప్పుడు సవరించాలి. రాకపోకల నమోదులను ప్రతిదినం పరిశీలించాలి.

లోపలివైపు నుండి వచ్చేదంతా నమ్మదగినదేనా? హైదరాబాదులోని మహేష్ సహకార పట్టణ బ్యాంకు ఉదంతం దీనికి సమాధానం. 2021 నవంబరులో ఆ బ్యాంకు సిబ్బందికి వంచనతో కూడిన ఈ-మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరచిన కంప్యూటర్లలోకి రహస్య ప్రోగ్రాములు చొరబడ్డాయి. జాలంలో తగిన విభజన లేనందున దుండగులు ప్రధాన సర్వర్ వరకు చేరగలిగారని పోలీసుల దర్యాప్తులో తేలింది. 2022 జనవరిలో సుమారు 12.48 కోట్ల రూపాయలు తరలిపోయాయి. శత్రువు వీధి వాకిలిని బద్దలు కొట్టలేదు. ఇంటివారి చేతనే తలుపు తీయించాడు.

కనుక రెండు వాకిళ్ల కాపరి రెండువైపులా చూడాలి. లోపలి కంప్యూటర్లకు సైతం వాటి పనికి తగినంత అనుమతినే ఇవ్వాలి. ఆ జాగరూకతపైనే సామాన్యుని కష్టార్జితం, గోప్యత ఆధారపడి ఉన్నాయి.

అభ్యాసం

1. సర్వర్ ‘కాపరిగా ఉండాలే గాని దారిగా మారరాదు’ అనడంలోని ఆంతర్యాన్ని వివరించండి.
2. బ్యాంకు ఉదంతం వలన గ్రహించవలసిన పాఠమేమిటి?