గ్వాడలూప్ – రెండుసార్లు వచ్చిన స్వేచ్ఛ

వెస్టిండీస్ అనగానే మనకు క్రికెట్ గుర్తుకొస్తుంది. కాని ఆ దీవులన్నీ ఇంగ్లీషువాళ్లు ఏలినవే కావు. మ్యాపులో సీతాకోకచిలుకలా కనబడే గ్వాడలూప్ నేటికీ ఫ్రాన్సులో భాగం. అక్కడ చెల్లేది యూరో. చరిత్ర విద్యార్థులు తప్పక చదవవలసిన దీవి ఇది అని నా ఉద్దేశం.

1493లో కొలంబస్ వచ్చేనాటికి అక్కడివాళ్లు తమ దీవిని కరుకెరా అనేవారు. 1635లో ఫ్రెంచివారు దిగారు. తర్వాత చెరకు తోటలు వేసి, పనికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చారు. ఆ పంచదారలో ఎంత లాభమంటే, 1763 పారిస్ సంధిలో ఫ్రాన్సు కెనడాను వదులుకుంది గాని గ్వాడలూప్‌ను వదులుకోలేదు!

ఫ్రెంచి విప్లవం పుణ్యమా అని 1794లో బానిసత్వం రద్దయింది. ఎన్నాళ్లు? ఎనిమిదేళ్లు. 1802లో నెపోలియన్ పంపిన సైన్యానికి లొంగడం ఇష్టంలేక, లూయీ డెల్‌గ్రెస్ అనే సైనికాధికారి మతూబా వద్ద తుపాకిమందు పేల్చి, అనుచరులతో సహా ప్రాణాలు వదిలాడు. బానిసత్వం తిరిగొచ్చింది. 1848లో మళ్లీ రద్దయింది. మరి 1849 చట్టం నష్టపరిహారం ఎవరికిచ్చింది? బానిసలకు కాదు, యజమానులకు!

తోటలకు కూలీలు కావలసివచ్చి యజమానుల చూపు మనవైపు మళ్లింది. 1854 – 1889 మధ్య సుమారు 42,000 మంది భారతీయులు ఒప్పందకూలీలుగా ఓడలెక్కారు. ఎక్కువమంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి వెళ్లిన తమిళులు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి బాధలు విని బ్రిటిష్ ప్రభుత్వం 1888లో ఈ వలసను ఆపించింది. వెళ్లినవారి పిల్లలు ఆ గడ్డమీదే పుట్టినా పౌరులు కాలేకపోయారు. హెన్రీ సిదంబరం అనే కూలీల బిడ్డ 1904లో కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోరాడితే, 1923లో గాని ఆ హక్కు దక్కలేదు.

1946లో గ్వాడలూప్ ఫ్రాన్సులో ఒక జిల్లావంటిదయింది. ఇంకేం, అందరూ సమానమే కదా అంటారా? అరటితోటల్లో చల్లే క్లోర్‌డెకోన్ అనే విషపుమందును ఫ్రాన్సు 1990లో నిషేధించింది. దీవిలో మాత్రం 1993 దాకా వాడనిచ్చారు. ఆ విషం నేటికీ అక్కడి మట్టిలో, నీళ్లలో ఉంది.

చట్టం పుట్టడం వేరు, అది చివరి మనిషికి చేరడం వేరు. గ్వాడలూప్ నాకు నేర్పిన పాఠం ఇదే. మిత్రులారా! ఈసారి పరీక్షలో నెపోలియన్ సంస్కరణల మీద ప్రశ్న వస్తే, 1802 సంగతి కూడా నాలుగు వాక్యాలు రాయండి.