కంకర ఎంత? సంచులు ఎన్ని?

పిల్లలూ, అమెరికాలో చలి తగ్గిందంటే చాలా ఇళ్ళలో పెరటి పని మొదలవుతుంది. మీ ఇంట్లో కూడా నడవడానికి కంకర దారి వేద్దామనో, కూర్చోవడానికి చోటు చేద్దామనో అనుకుంటూ ఉండవచ్చు. అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న: కంకర ఎంత కావాలి? తక్కువ తెప్పిస్తే పని మధ్యలో ఆగిపోతుంది, లారీ కిరాయి రెండోసారి కట్టాలి. ఎక్కువ తెప్పిస్తే మిగిలిన గుట్ట ఇంటి ముందే ఉండిపోతుంది. అందుకే కాకిలెక్కలు వద్దు. టేపుతో కొలిచి లెక్క చేద్దాం, ఆ లెక్కను తెలుగులో చెప్పడం కూడా నేర్చుకుందాం.

కొత్త మాటలు

కంకర: పగలగొట్టిన చిన్న రాయి
గులకరాళ్ళు: నీటి ఒరిపిడికి నున్నగా అయిన చిన్న రాళ్ళు
మందం: పరిచిన పొర ఎంత ఎత్తు ఉందో చెప్పే కొలత
వైశాల్యం: పొడవు × వెడల్పు
ఘనపరిమాణం: పొడవు × వెడల్పు × మందం
ఉజ్జాయింపు: దాదాపుగా సరిపోయే లెక్క

గమనిక: మన ఊళ్ళలో ‘గ్రావెల్’ అంటే చాలామందికి రోడ్డు కింద పోసే, రాళ్ళు కలిసిన ఎర్రమట్టి గుర్తొస్తుంది. మీరు ‘కంకర’ అనే చెప్పండి.

ఒకే గజం, మూడు అర్థాలు

చీర కొలిచేటప్పుడు గజం అంటే 3 అడుగుల పొడవు. మన దగ్గర “రెండు వందల గజాల స్థలం” అంటే అవి చదరపు గజాలు. ఒక చదరపు గజం 3 × 3 = 9 చదరపు అడుగులు. ఇక్కడ కంకర అమ్మేవాళ్ళు గజం అంటే అది ఘనపు గజం: 3 × 3 × 3 = 27 ఘనపు అడుగులు. కాబట్టి ఘనపు అడుగులను గజాల్లోకి మార్చాలంటే 3తోనో 9తోనో కాదు, 27తో భాగించాలి.

లెక్క చేద్దాం

ఒక పెరట్లో 30 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న దారి, దాని చివర 12 అడుగులు × 10 అడుగుల చోటు ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ 3 అంగుళాల మందంలో కంకర పరవాలి.

1. వైశాల్యం: 30 × 3 = 90, 12 × 10 = 120. మొత్తం 210 చదరపు అడుగులు.
2. మందాన్ని అడుగుల్లోకి మార్చండి: 3 ÷ 12 = 0.25 అడుగు. ఈ మెట్టు మరిచిపోతే జవాబు 12 రెట్లు పెరిగిపోతుంది!
3. ఘనపరిమాణం: 210 × 0.25 = 52.5 ఘనపు అడుగులు.
4. గజాల్లోకి: 52.5 ÷ 27 = సుమారు 1.94 ఘనపు గజాలు.
5. పదో వంతు కలపండి: 1.94 + 0.19 = 2.13.

పదో వంతు ఎందుకు? సోలలో పోసిన బియ్యాన్ని తట్టితే కిందికి దిగి, ఇంకాస్త పడుతుంది కదా! కంకర కూడా తొక్కేకొద్దీ సర్దుకుంటుంది, కొంత మట్టిలోకి దిగుతుంది. అమ్మేవాళ్ళు అర గజం చొప్పున ఇస్తే, రెండున్నర గజాలు తెప్పించాలి.

సంచులా, లారీయా?

అర ఘనపు అడుగు పట్టే సంచులు కొంటే, 52.5 + 5.25 = 57.75 ఘనపు అడుగులకు 116 సంచులు కావాలి. ఒక్కోటి సుమారు 50 పౌండ్లు. అన్ని సంచులు ఎవరు మోస్తారు? ఇంత పనికి లారీయే నయం.

బరువు కూడా చూడాలి. ఒక ఘనపు గజం కంకర ఉజ్జాయింపుగా 2,800 పౌండ్లు, అంటే 1.4 టన్నులు. రాయిని బట్టి, తడిని బట్టి ఇది మారుతుంది. రెండున్నర గజాలంటే 7,000 పౌండ్లు, మూడున్నర టన్నులు. ఇక్కడి టన్ను 2,000 పౌండ్లు, మన దేశంలో టన్ను 1,000 కిలోలు. అందుకే ఇదే కంకర అక్కడి లెక్కలో సుమారు 3.2 టన్నులే అవుతుంది.

ఎంత? ఎన్ని?

విడివిడిగా లెక్కపెట్టగలిగితే ‘ఎన్ని’, కొలవాల్సి వస్తే ‘ఎంత’.

కంకర ఎంత కావాలి? సంచులు ఎన్ని కావాలి?
మందం ఎంత? అంగుళాలు ఎన్ని?

అభ్యాసం

1. 27 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం. పదో వంతు కలపకుండా ఎన్ని ఘనపు గజాలు?
2. 10 అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి చోటులో 2 అంగుళాల మందం. పదో వంతు కలిపి, అర ఘనపు అడుగు సంచులు ఎన్ని? (గుండ్రటి చోటు వైశాల్యం: 3.14 × వ్యాసార్ధం × వ్యాసార్ధం)
3. ‘ఎంత’, ‘ఎన్ని’లలో సరైనది రాయండి: ఇసుక ____ ఉంది? గులకరాళ్ళు ____ ఏరావు? లారీకి కిరాయి ____?
4. మీ పెరట్లో ఒక చోటును కొలవండి. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, అక్కడ కంకర పరవాలంటే ఎంత కావాలో తెలుగులో చెప్పండి. ఉత్త ‘గజాలు’ అంటే వాళ్ళు స్థలం సంగతి అనుకుంటారు, ‘ఘనపు గజాలు’ అనండి. వాళ్ళ ఊళ్ళో కంకర ఏ లెక్కన అమ్ముతారో అడిగి, రెండు వాక్యాల్లో రాయండి.

జవాబులు: 1) ఒక ఘనపు గజం. 2) 29 సంచులు. 3) ఎంత, ఎన్ని, ఎంత.