స్త్రీ మనస్సు – వైద్యుని చూపు

ఒక వ్యాధికి పెట్టిన పేరే ఆ వ్యాధి నిదానాన్ని శతాబ్దాల తరబడి శాసించిన సందర్భాలు వైద్యశాస్త్ర చరిత్రలో ఉన్నాయి. వాటిలో మొదట చెప్పుకోవలసినది హిస్టీరియా. గ్రీకు భాషలో ‘హిస్టెరా’ అంటే గర్భాశయం. హిప్పోక్రటీస్ పేరిట చెలామణి అయిన గ్రంథాలలో, స్త్రీ గర్భాశయం శరీరంలో పైకీ కిందికీ సంచరిస్తుందనీ, అది ఇతర అవయవాలను ఒత్తినప్పుడు ఊపిరాడకపోవడం, మూర్ఛ, మాట పడిపోవడం వంటి లక్షణాలు కలుగుతాయనీ చెప్పారు. చికిత్స కూడా సిద్ధాంతానికి తగినట్లే ఉండేది. ముక్కు దగ్గర దుర్గంధ ద్రవ్యాలు, కింద సుగంధ ద్రవ్యాలు ఉంచితే గర్భాశయం తన చోటికి దిగివస్తుందని నమ్మేవారు. కన్యలకు వివాహమే మందు అనేవారు. “పెళ్ళి చేస్తే అదే కుదురుతుంది” అనే మాట పెద్దల నోట విన్న మనకు ఈ గ్రీకు వైద్యం అంత పరాయిదిగా తోచదు. ఇరవయ్యవ శతాబ్దంలో మన ఆయుర్వేద రచయితలు హిస్టీరియాకు వాడిన సంస్కృత నామం ‘యోషాపస్మారం’. యోష అంటే స్త్రీ.

గర్భాశయం ఎక్కడికీ కదలదని శరీరశాస్త్రజ్ఞులకు తెలిసి చాలాకాలం గడిచినా పేరు మాత్రం పోలేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఈ వ్యాధికి మూలం మెదడులో ఉన్నదన్నాడు. 19వ శతాబ్దం చివర పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో, పురుషులలో కూడా ఈ వ్యాధి ఉన్నదని రోగులను చూపించి మరీ చెప్పాడు. అయినా లోకం దృష్టిలో అది ఆడవారి జబ్బుగానే నిలిచిపోయింది. 1980లో గాని అమెరికన్ మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో దానిని విడగొట్టి వేరు వేరు పేర్ల కింద సర్దలేదు. ఇక్కడ ఒక అపోహకు తావు ఇవ్వరాదు. ఆ స్త్రీల బాధ కల్పితం కాదు. కాని వారు చెప్పుకున్న బాధ, స్త్రీ అంటే ఇట్లా ఉంటుంది అని ముందే ఏర్పడి ఉన్న అభిప్రాయం గుండా వడపోసుకుని వైద్యుని చెవికి చేరేది. ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఆ వడపోతనే.

భర్త మాటే నిదానం

ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న మనవారు షికాగోకు దక్షిణాన ఉన్న కాంకకీ పట్టణాన్ని ఎరుగుదురు. 1864 జనవరిలో అక్కడి న్యాయస్థానంలో ఎలిజబెత్ పాకర్డ్ అనే ఆరుగురు బిడ్డల తల్లికి మతి స్థిరంగా ఉన్నదా, లేదా అన్న విచారణ జరిగింది. ఆమె భర్త క్రైస్తవ మతాచార్యుడు. మతసిద్ధాంతాలలో భర్తతో విభేదించి, ఆ మాట నలుగురిలో చెప్పడమే ఆమె చేసిన అపరాధం. ఎవరినైనా పిచ్చాసుపత్రిలో చేర్చాలంటే అవసరమయ్యే సాక్ష్యాధారాలు 1851 నాటి ఇల్లినాయ్ చట్టం ప్రకారం భార్య విషయంలో అక్కరలేదు. భర్త కోరిక, ఆసుపత్రి అధికారి సమ్మతి చాలును. ఆ ప్రకారం 1860లో ఆమెను జాక్సన్‌విల్‌లోని ఆసుపత్రికి పంపారు. అక్కడ మూడేళ్ళు గడిపి వచ్చిన ఆమెను భర్త ఇంటిలో ఒక గదిలో బంధించాడు. ఆమె రాసిన చీటీ ఎట్లాగో బయటపడి న్యాయమూర్తికి విషయం తెలిసింది.

ఆ విచారణలో ఒక వైద్యుని సాక్ష్యం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయన కుట్టుమిషన్లు అమ్మేవానిగా నటించి ఆమెతో మాట్లాడి, ఆమెకు మతి లేదనడానికి పదిహేను కారణాలు ఏకరువు పెట్టాడు. తనను పిచ్చిది అంటే ఆమెకు గిట్టకపోవడం వాటిలో ఒకటి! జూరీ ఏడే నిమిషాలలో ఆమెకు మతి స్థిరంగా ఉన్నదని తేల్చింది. ఇంటికి వెళ్ళేసరికి భర్త బిడ్డలను తీసుకుని మసాచుసెట్స్ వెళ్ళిపోయాడు. ఆమె పోరాట ఫలితంగా 1867లో ఇల్లినాయ్ శాసనసభ, ఎవరినైనా పిచ్చాసుపత్రిలో చేర్చే ముందు జూరీ విచారణ ఉండాలని చట్టం చేసింది.

ఇది పాతకాలపు అమెరికా ముచ్చట అని పక్కన పెట్టడానికి లేదు. మన హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో మనోవ్యాధి విడాకులకు ఒక కారణం. నచ్చని కోడలికి ‘మతి సరిలేదు’ అన్న ముద్ర వేసే ప్రయత్నాలకు ఇక్కడ అవకాశం ఉన్నది. 1988లో రామ్ నారాయణ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, స్కిజోఫ్రీనియా అనే పేరు చూపినంత మాత్రాన చాలదనీ, కలిసి కాపురం చేయడం సాధ్యం కానంత తీవ్రత ఉన్నదని రుజువు కావాలనీ చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. సమాజంలో ప్రబలంగా ఉన్న నైతిక, సాంఘిక విలువలకు గాని, మతవిశ్వాసాలకు గాని అనుగుణంగా నడుచుకోలేదన్న కారణంతో ఒక వ్యక్తికి మనోవ్యాధి ఉన్నదని నిర్ణయించరాదని అందులో స్పష్టంగా ఉన్నది. పాకర్డ్ కథ తెలిసినవారికి ఈ ఒక్క నిబంధన విలువ తెలుస్తుంది.

ఒకే వైద్యుడు, రెండు చికిత్సలు

ఫిలడెల్ఫియాలో సైలస్ వియర్ మిచెల్ అనే నరాల వైద్యుడు ఉండేవాడు. ఆ కాలంలో ఆయనను మించిన పేరు మరొకరికి లేదు. 1885లో ఓవెన్ విస్టర్ అనే యువకుడు నరాల నీరసంతో ఆయన సలహా కోరాడు. పడమటి రాష్ట్రాలకు వెళ్ళి, గుర్రాలెక్కి, వేటాడి, ఆరుబయట తిరిగి రమ్మన్నాడు మిచెల్. విస్టర్ వయోమింగ్ వెళ్ళాడు. ఆ అనుభవంతో తరువాత ‘ది వర్జీనియన్’ నవల రాసి ప్రసిద్ధుడయ్యాడు.

రెండేళ్ళ తరువాత, 1887లో, షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అదే వైద్యుని వద్దకు వచ్చింది. బిడ్డ పుట్టిన నాటి నుంచి తీరని దిగులు, ఏడుపు, నిస్సత్తువ. ఈనాడు దీనిని ప్రసవానంతర కుంగుబాటు అంటాము. ఆమెకు మిచెల్ చేసినది తన పేరుమోసిన ‘విశ్రాంతి చికిత్స’: వారాల తరబడి మంచం దిగకూడదు, మితిమీరిన ఆహారం, ఒళ్ళు పట్టించడం, ఏకాంతం. ఇంటికి పంపుతూ చెప్పిన పథ్యం ఇంకా ఘనమైనది. సాధ్యమైనంత వరకు ఇంటిపనులకే పరిమితం కావాలి. రోజుకు రెండు గంటలకు మించి బుద్ధికి పని పెట్టరాదు. బతికినంత కాలం కలం, కుంచె ముట్టరాదు. ఆ పథ్యం పాటించినన్నాళ్ళూ ఆమె మతి తప్పే అంచుకు చేరింది. దానిని వదిలి, మళ్ళీ రాయడం మొదలుపెట్టిన తరువాత తేరుకుంది. 1892లో అచ్చయిన ఆమె కథ ‘ది ఎల్లో వాల్‌పేపర్’ ఆ అనుభవం నుంచి పుట్టినదే. మిచెల్ క్రూరుడు కాడు, స్త్రీకి ఆలోచన అపాయకరమని నిజంగానే నమ్మినవాడు. అందుకే ఆయనతో చిక్కు.

కొలబద్ద ఎవరిది?

ఇటువంటి నమ్మకాలు 20వ శతాబ్దంలో తొలగిపోయాయా అన్న ప్రశ్నకు 1970లో ఇంగె బ్రోవర్మన్, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన మంచి సమాధానం. వారు 79 మంది మానసిక చికిత్సకులకు గుణగణాల జాబితా ఒకటి ఇచ్చారు. కొందరిని ఆరోగ్యవంతుడైన పురుషుని, కొందరిని ఆరోగ్యవతి అయిన స్త్రీని, మరికొందరిని లింగభేదం చెప్పకుండా ఆరోగ్యవంతులైన ‘పెద్దవారి’ని వర్ణించమన్నారు. ఆరోగ్యవంతుడైన పురుషుని వర్ణన, పెద్దవారి వర్ణన దాదాపు ఒకటే అయ్యాయి. ఆరోగ్యవతి అయిన స్త్రీ మాత్రం ఎక్కువ అణకువ, తక్కువ స్వతంత్రత, చిన్న ఇబ్బందికే కలవరపాటు ఉన్న మనిషిగా తేలింది. అంటే స్త్రీ ‘మంచి స్త్రీ’గా ఉంటే పూర్తి ఆరోగ్యం గల పెద్దమనిషి కాదు, పెద్దమనిషిగా ఉంటే మంచి స్త్రీ కాదు. ఇందులో గమనించదగ్గ సంగతి, జవాబులిచ్చిన చికిత్సకులలో 33 మంది స్త్రీలే. వారి అభిప్రాయమూ పురుషుల అభిప్రాయమూ వేరుగా లేవు.

బిడ్డకు జబ్బు చేసినా తప్పు తల్లిదే అయ్యేది. స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమన్న వాదం 1948 నుంచి, ఆటిజానికి తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమన్న వాదం ఇంచుమించు అదే కాలం నుంచి వ్యాపించాయి. 1967లో షికాగోకు చెందిన బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన గ్రంథం రెండవ వాదానికి మరింత ప్రచారం తెచ్చింది. ఈ రెండింటిలోనూ వంశపారంపర్య జన్యువుల పాత్ర బలమైనదని నేడు తెలుసు. అప్పటికి ఎందరు తల్లులు తమను తాము నిందించుకుంటూ వెళ్ళిపోయారో!

నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. కుంగుబాటు స్త్రీలలో పురుషుల కంటే దాదాపు రెట్టింపుగా కనిపించడం వైద్యుల పక్షపాతం వల్లనే అనలేము. హార్మోనుల మార్పులు, గృహహింస, పేదరికం, ఇంటా బయటా చాకిరీ, ఇవన్నీ కారణాలే. మరొక వంక, ఏడుపు ఆడవారి సొత్తు అన్న భావన వల్ల మగవారి కుంగుబాటు గుర్తింపుకు రావడం లేదు. ఆత్మహత్యలతో మరణించేవారిలో పురుషులే ఎక్కువ.

మెదడులోని మంట

2007లో జోసెప్ దాల్మావ్ బృందం ఒక కొత్త వ్యాధిని విపులంగా వర్ణించింది. మెదడులో జ్ఞాపకానికీ ఆలోచనకూ అవసరమైన ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాలపై శరీరం తన ప్రతిరక్షకాల ద్వారా తానే దాడి చేసుకుంటుంది. రోగులలో అధికసంఖ్యాకులు యువతులు. మొదట అనుమానాలు, భ్రమలు, నిద్రలేమి. తరువాత మూర్ఛలు, కదలికలలో వింత మార్పులు. కొందరిలో అండాశయంలోని ఒక గడ్డ ఈ దాడికి మూలం. గడ్డను తొలగించి, రోగనిరోధక చర్యను అణచే మందులు ఇస్తే చాలామంది కోలుకుంటారు. అంతవరకు ఇటువంటి యువతులలో ఎందరో పిచ్చివారిగా ముద్రపడ్డారు.

2009లో న్యూయార్క్ పత్రికా విలేఖరి సుసానా కాహలన్‌కు ఇదే జరిగింది. అతిగా పనిచేయడం, మద్యం ఆమె రోగానికి కారణమని మొదట చూసిన వైద్యుడు భావించాడు. చివరకు సుహేల్ నజ్జార్ అనే వైద్యుడు ఆమె చేత గడియారం బొమ్మ గీయించాడు. ఆమె అంకెలన్నీ కుడివైపునే వేసింది. మెదడు కుడి భాగంలో వాపు ఉన్నదని ఆయన గ్రహించినది అప్పుడే. ఖర్చు లేని ఆ పరీక్షకు కావలసినవి కాగితం, పెన్సిలు, రోగి మాట నమ్మే మనస్సు.

మందుల మోతాదుల సంగతీ ఇంతే. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలను తొలిదశ ఔషధ పరీక్షల నుంచి మినహాయించాలని 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. ఆ సూచనను 1993లో ఎత్తివేసింది. నిద్రమాత్ర జోల్పిడెమ్ స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా తొలగుతుందన్న కారణంతో, స్త్రీల మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించినది 2013లో. అప్పటికి ఆ మందు బజారులోకి వచ్చి ఇరవై ఏళ్ళు.

మన ఇళ్ళలోని బాలింతలు

ప్రవాసంలో ఉన్న మనకు ఈ విషయం దగ్గరగా తగిలేది ప్రసవ సమయంలోనే. పురిటికి వచ్చిన తల్లి వీసా గడువు తీరి తిరిగి వెళ్ళిపోతుంది. భర్త ఆఫీసుకు వెళతాడు. పసిబిడ్డతో బాలింత ఒంటరిగా మిగులుతుంది. ఆమె కంట నీరు పెడితే “మేము కనలేదా, పెంచలేదా” అన్న మాట ఫోనులో వినిపిస్తుంది.

ప్రసవమైన మొదటి రోజులలో కన్నీళ్ళు, చిరాకు చాలామందిలో సహజం. రెండు వారాలలోపు వాటంతట అవే తగ్గుతాయి. అంతకు మించి దిగులు కొనసాగినా, బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తల్లికి నిద్ర రాకపోయినా, తాను పనికిరాని తల్లినన్న ఆలోచన వదలకపోయినా అది కుంగుబాటు కావచ్చును. 1987లో ఎడింబరోలో రూపొందించిన పది ప్రశ్నల పట్టికతో దానిని కొద్ది నిమిషాలలో పసిగట్టవచ్చు. మాటలతో చేసే చికిత్స ఉన్నది, మందులు ఉన్నాయి. దీనికోసం జురానొలోన్ అనే మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. దానిని పధ్నాలుగు రోజులు వాడుతారు. ఇక వెయ్యిమందిలో ఒకరిద్దరికి ప్రసవమైన కొద్ది రోజులకే భ్రమలు, అయోమయం, లేనివి వినిపించడం మొదలవుతాయి. అటువంటప్పుడు తాయెత్తు కోసమో, ఇండియా నుంచి వచ్చే పెద్దల కోసమో ఎదురుచూడక, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలక, ఆ రాత్రే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.